అమ్మతో ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే గొంతు దానంతటదే తగ్గిపోతోంది. మీలో ఎవరికైనా ఇలా అవుతోందా?

మల్లెపందిరి
డాలస్ పక్కన ఒక ఊళ్లో ఉంటాం. ఈ దేశం వచ్చి పదకొండేళ్లయింది. పోయిన వారం మా ఊరి సిటీ కౌన్సిల్ మీటింగ్ వీడియో ఎవరో గ్రూపులో పెట్టారు. జనం మాట్లాడే టైములో ఒకాయన మైకు దగ్గరికి వచ్చి, తనకిచ్చిన మూడు నిమిషాలూ మన గురించే మాట్లాడాడు. ఊరంతా మనమే ఆక్రమించేశామట. ఇళ్లన్నీ మనమే కొనేస్తున్నామట. గుడికి పర్మిషన్ ఇవ్వకూడదట. ఆయన మాటలు ఒక ఎత్తు. వెనక వరసలో చప్పట్లు కొట్టినవాళ్లలో ఒకావిడ నాకు తెలిసిన మనిషి. వాళ్ల పాపా మా పాపా ఒకే సాకర్ టీములో ఆడతారు. పోయిన నెల ఆవిడ నిలబడి ఉంటే మా కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టాను.

అప్పట్నుంచి నిద్ర లేదు. రాత్రి రెండింటికి లేచి తలుపు గడియ పడిందా లేదా అని చూస్తున్నా. నిన్న దుకాణంలో పాలు తీసుకుంటుంటే అమ్మ ఫోన్ చేసింది. "చెప్పమ్మా" అనబోయి చుట్టూ చూశాను. గొంతు తగ్గించి "తర్వాత చేస్తా" అని పెట్టేశాను. కారులో కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. తప్పు చేసినదానిలా ఎందుకు దాక్కున్నానో నాకే తెలియదు.

మా ఆయన వార్తలు చూడటం మానెయ్యమంటారు. ఇది వార్త కాదు కదా, మా ఊరు.

కాఫీ_డికాషన్
నీ ఒక్కదానికే కాదక్కా. నేను ఆఫీసులో లంచ్ డబ్బా తెరిచే ముందు చుట్టూ చూస్తున్నా. రెండేళ్ల కింద ఈ అలవాటు లేదు.

రాజమండ్రి_రేవు
ఇరవై రెండేళ్లుగా ఇక్కడే ఉన్నా. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒకడు మైకు పట్టుకుని వాగితే ఊరంతా అలాంటిదేనని అనుకోవద్దమ్మా. మనం వచ్చింది పని చేసుకోవడానికి, పిల్లల్ని చదివించుకోవడానికి. ఆ వీడియో చూడకపోయి ఉంటే నువ్వీపాటికి హాయిగా ఉండేదానివి. నీ బాధ అబద్ధమని అనట్లేదు. దాన్ని పెంచుకోవద్దంటున్నా.

వినే_చెవి
మల్లెపందిరి గారూ, ఆ వీడియో ఎన్నిసార్లు చూశారు?

మల్లెపందిరి
ఎనిమిదో తొమ్మిదో. ఆవిడ చప్పట్లు కొట్టే చోట ఆపి చూశా. ఆవిడ కాదేమోనని.

వినే_చెవి
నేను కౌన్సెలింగ్ పని చేస్తాను, ఎక్కువగా మనవాళ్లతోనే. మీరు చేసింది చాలామంది చేస్తారు. నమ్మిన మనిషి అలా చేస్తే మనసు ఒప్పుకోదు, సాక్ష్యం కోసం మళ్లీ మళ్లీ వెతుకుతుంది. కాని చూసిన ప్రతిసారీ ఒంటికి అది కొత్త దెబ్బే. గుండె అప్పుడే జరిగినట్టు కొట్టుకుంటుంది. రాత్రి రెండింటికి తలుపు గడియ చూడటం పిరికితనం కాదు. ఒళ్లు కాపలా కాస్తోంది, డ్యూటీ దిగమని దానికి ఎవరూ చెప్పలేదు.

వార్తలు మొత్తం మానెయ్యమని నేను అనను. ఆ వీడియో మాత్రం ఫోన్లోంచి తీసేయండి. అందులో ఏముందో మీకు తెలుసు. వార్తలు పగలు చూడండి, కుర్చీలో కూర్చుని, ఒక టైము పెట్టుకుని. పక్క మీద పడుకుని కాదు. నిద్ర రెండు వారాలు దాటి ఇలాగే ఉంటే డాక్టర్‌కి చెప్పండి. బతకడమే దండగ అనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. అమెరికాలో 988, ఇండియాలో 14416. ఇండియా నంబరులో తెలుగులో మాట్లాడతారు.

కాన్సస్_పాతకాపు
గొంతు తగ్గడం గురించి చెప్పాలి. 2017 ఫిబ్రవరి 22 రాత్రి మేం కాన్సస్‌లోని ఓలేథ్‌కి పావుగంట దూరంలో ఉండేవాళ్లం. కూచిభొట్ల శ్రీనివాస్, అలోక్ మాదసాని అని మనవాళ్లిద్దరు పని అయ్యాక ఎప్పుడూ వెళ్లే చోటికే వెళ్లి కూర్చున్నారు. ఒకడు వచ్చి తిట్టాడు. వాణ్ని బయటికి పంపించారు. తుపాకీతో తిరిగొచ్చి "మా దేశంలోంచి పొండి" అంటూ కాల్చాడు. శ్రీనివాస్ పోయాడు, ముప్ఫై రెండేళ్లు. వాళ్లని ఇరానీయులనుకున్నాడట.

ఆ వారమే వాట్సాప్‌లో సలహాలు మొదలయ్యాయి. బయట తెలుగులో మాట్లాడొద్దు, ఎవరైనా వాదనకి దిగితే తప్పుకోండి, ఒంటరిగా తిరగొద్దు అని. పంపినవాళ్లు మంచికే పంపారు. మా ఆవిడ ఆఫీసుకి బొట్టు పెట్టుకోవడం మానేసింది. నేనేమీ అనలేదు. ఎనిమిది నెలల తర్వాత మళ్లీ పెట్టుకుంది, అప్పుడూ ఏమీ అనలేదు. అప్పుడైనా అడిగి ఉండాల్సింది.

రేవు గారూ, శ్రీనివాస్ కూడా తల దించుకుని పని చేసుకున్న మనిషే.

గోంగూర_కట్ట
ఇరానీయులని పొరబడ్డాడన్నది విన్నప్పుడు మా ఇంట్లో ఒకాయన అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "మనం ఇండియన్స్‌మని బోర్డు పెట్టుకోవాలేమో" అన్నారు. అంటే ఇరానీయుణ్ని కాల్చితే సరిపోయేదా?

రెండో_షిఫ్ట్
కాన్సస్ అన్నగారూ, ఇయాన్ గ్రిలట్ గురించి కూడా రాయండి. అదే రాత్రి ఆ కాల్చినవాడి వెంట పరుగెత్తి తూటా తిన్నాడు. ఇరవై నాలుగేళ్ల తెల్ల కుర్రాడు. చప్పట్లు కొట్టినవాళ్లతో పాటు వాళ్లనూ లెక్కపెట్టుకోవాలి కదా.

కాన్సస్_పాతకాపు
నిజమే. చేతిలోంచి ఛాతీలోకి దిగింది. తర్వాత హ్యూస్టన్‌లో మనవాళ్లు ఇల్లు కొనుక్కోమని లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. శ్రీనివాస్ భార్య సునయన అయితే, ఆయన పోగానే వీసా హక్కు కూడా పోయింది. అంత దుఃఖంలో అంత్యక్రియలకి హైదరాబాద్ వెళ్తే తిరిగి రాగలనా అన్న భయం. ఆవిడ వెనక్కి వచ్చి, అదే ఊళ్లో ఉండి, వలస వచ్చినవాళ్ల గురించి ఊరివాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ ధైర్యం నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

పెత్రమాస
నాది వరంగల్ దగ్గర. నా మీద ఎవరూ చెయ్యెత్తలేదు, తిట్టలేదు. కాని నాకూ నిద్ర లేదు, కారణం వేరే. 2025 సెప్టెంబర్‌లో ఇంటికి పోయిన. నాన్న పోయినంక మొదటి పెత్రమాస. ఆదివారం పొద్దున నాన్న పేరు మీద బియ్యం ఇవ్వాలి. అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ. చెల్లె తంగేడు పూలు తెచ్చి పెట్టుకుంది.

శనివారం తెల్లారుజామున ఫోన్ మోగింది. హెచ్-1బి మీద లక్ష డాలర్ల ఫీజు అని అధ్యక్షుడు సంతకం పెట్టిండు, ఆదివారం మన టైము తొమ్మిదిన్నర లోపల అమెరికాలో ఉండాలని మా కంపెనీ లాయర్ మెయిల్. రెండు లక్షల పైన పెట్టి టికెట్ కొని, బ్యాగు సర్దకుండనే ఎయిర్‌పోర్టుకు పోయిన. అమ్మ గేటు పట్టుకుని నిలబడ్డది. అమెరికాల దిగి ఫోన్ ఆన్ చేస్తే, అది కొత్త దరఖాస్తులకేనట, వీసా ఉన్నోళ్లకు కాదట.

నాన్నకు బియ్యం నా చేతితోటి ఇవ్వలేకపోయిన. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలవదు. ఒక కాగితం మీద ఒక సంతకం. దీన్ని ట్రామా అంటరా అనరా నాకు తెలవదు. ఫోన్ రాత్రి మోగితే ఇప్పటికీ చేతులు చల్లబడతయి.

వినే_చెవి
అంటారు తమ్ముడూ.

తార్నాక_అమ్మ
మా అబ్బాయి చికాగోలో ఉంటాడు. మీరంతా అక్కడ నిద్రపోవట్లేదు, మేం ఇక్కడ. వాడు మాకు ఏమీ చెప్పడు, మేం వాణ్ని ఏమీ అడగం. ఇద్దరం "బాగున్నాం" అనుకుని ఫోన్ పెట్టేస్తాం. మల్లెపందిరీ, మీ అమ్మకి నీ గొంతు తగ్గిన సంగతి తెలిసే ఉంటుంది తల్లీ. అడగలేదంతే. ఇంత భయంతో ఎందుకు, వచ్చేయండి అనాలనిపిస్తుంది.

టోలిచౌకి_కిరాణా
అమ్మా, వచ్చేస్తే ఇక్కడ అంతా బాగుంటుందని మాత్రం అనుకోవద్దు. మా గల్లీలో సూడాన్, సోమాలియా, నైజీరియా నుంచి వచ్చి చదువుకునే పిల్లలుంటారు. నా దగ్గరే బియ్యం, నూనె కొంటారు. ఇల్లు అద్దెకివ్వరు, ఇస్తే అందరికంటే ఎక్కువ అడుగుతారు. చిన్నపిల్లలు వెంటపడి రంగును పట్టి పిలుస్తారు. మొన్న ఒకమ్మాయి దుకాణంలోకి వచ్చి వాళ్ల అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ, నన్ను చూడగానే గొంతు తగ్గించింది. ఈ పోస్టు చదివేదాకా అదేంటో నాకు అర్థం కాలేదు.

మల్లెపందిరి
అన్నా, మీరు రాసింది చదివి చాలాసేపు కదల్లేకపోయాను.

రెండో_షిఫ్ట్
నేను అలబామాలో నర్సుని. నాతో పనిచేసే పెద్దావిడ నల్లజాతి మనిషి, మాంట్‌గోమరీలో పుట్టింది. నేను ఒక రాత్రి "ఈ దేశం ఇలా అయిపోయిందేంటి" అని ఏడిస్తే, భుజం మీద చెయ్యి వేసి, "నీకు ఇప్పుడు కనపడుతోంది" అంది. నెమ్మదిగానే అంది, కాని ఆ మాట నాలో ఇంకా తిరుగుతూనే ఉంది. మన ఇళ్లలో వాళ్లకి వాడే ఆ మాట మీ అందరికీ తెలుసు. ఇక్కడ రాయను. నేనూ వాడాను.

ఆవిడ వాళ్లమ్మ బస్సు బాయ్‌కాట్‌లో, అంటే నల్లవాళ్లని బస్సులో వేరుగా కూర్చోబెట్టే పద్ధతి పోవాలని బస్సులెక్కడం మానేసినప్పుడు, నడిచిన మనిషి. 1955 డిసెంబర్ 5 నుంచి 381 రోజులు. నేను అడిగాను, అన్ని రోజులు ఆశ ఎలా నిలబెట్టుకున్నారని. "ఆశ సంగతి అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. రేపు ఎవరి కారు ఎన్నింటికి వస్తుందో చెప్పేది" అంది. మూడు వందల దాకా కార్లు తిప్పారు. వారానికి రెండుసార్లు చర్చిలో కూడేవారు. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ ఇంకొందరు ఆడవాళ్లని కూడగట్టి కేకులు, భోజనాలు అమ్మి పెట్రోలుకి డబ్బులిచ్చింది. ఎక్కడివని అడిగితే ఎక్కడివీ కావని చెప్పాలని ఆ గుంపుకి 'ఎక్కడిదీ కాని క్లబ్బు' అని పేరు పెట్టుకున్నారు. పేర్లు బయటపడితే ఉద్యోగాలు పోతాయి కదా.

మనకి ఈ దేశం తలుపు తీసిన 1965 వలస చట్టం ఆ నడిచినవాళ్లు తెచ్చిన మార్పు వెనకే వచ్చింది. నేను ఎనిమిదేళ్లు ఇక్కడ ఉన్నాక కాని ఆ సంగతి తెలుసుకోలేదు.

గోంగూర_కట్ట
ఎక్కడిదీ కాని క్లబ్బు! మా అత్తగారు ఆవకాయ అమ్మి పిల్లల ఫీజులు కట్టేది, మామగారికి కూడా చెప్పకుండా. ఆవిడకి ఈ కథ చెప్తా.

చీరాల_మనవడు
రెండో_షిఫ్ట్ అక్కా, "నీకు ఇప్పుడు కనపడుతోంది" అన్న మాట నాక్కూడా నోటి దాకా వచ్చి ఆగింది. నువ్వు రాశావు కాబట్టి రాస్తున్నా.

నాది చీరాల. కారంచేడులో 1985 జులై 17న మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాల వచ్చి చర్చి ఆవరణలో శిబిరం వేసుకున్నారు. మా అమ్మమ్మ అక్కడే ఉంది. చాలామంది మళ్లీ ఊరు వెళ్లలేదు, చీరాలలోనే విజయనగర్ కాలనీలో స్థిరపడ్డారు. మల్లెపందిరి అక్కా, రాత్రి లేచి తలుపు గడియ చూడటం మా ఇంట్లో మూడు తరాల అలవాటు. అమ్మమ్మ చూసేది, అమ్మ చూసేది, షార్లెట్‌లో ఈ అపార్ట్‌మెంట్‌లో నేనూ చూస్తా. ఊరు ఆక్రమించారు, నీళ్లు ముట్టుకున్నారు, గుడికి రాకూడదు అన్న మాటలు మేం ఇంగ్లీషులో వినడానికి ముందే తెలుగులో విన్నాం.

నీ బాధ చిన్నదని అనడానికి ఇది రాయట్లేదు. తోడుగా రాస్తున్నా.

రాజమండ్రి_రేవు
ఇక్కడికి కులం ఎందుకు తీసుకొస్తారు? బయటివాడు కొడుతుంటే మనలో మనం లెక్కలు తేల్చుకుంటామా? ఇప్పుడు కావాల్సింది కలిసి ఉండటం.

చీరాల_మనవడు
కలిసి ఉందామనే రాశానండి. నేను వచ్చిన కొత్తలో మనవాళ్ల పాట్‌లక్‌లో ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, నాన్న ఏం చేసేవారని అడిగి, చివరికి భుజం తట్టి చూశారు జంధ్యం ఉందేమోనని. ఆ రోజు నేను గొంతు తగ్గించుకుంది మీ ముందు. మైకు పట్టుకున్న వాడి ముందు కాదు.

కాఫీ_డికాషన్
దీనికి ఏం చెప్పాలో తెలియట్లేదు అన్నా. చదివాను. చదివానని మాత్రం చెప్పాలనిపించింది.

పుస్తకాలపురుగు
ఈ రెండూ వేరువేరు లెక్కలు కావు రేవు గారూ. భగత్ సింగ్ థిండ్ కేసు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన సిక్కు. అప్పట్లో తెల్లవాళ్లకీ ఆఫ్రికా సంతతివాళ్లకీ తప్ప బయటినుంచి వచ్చినవాళ్లకి పౌరసత్వం లేదు. ఆయన తరఫు వాదన ఏంటో తెలుసా? మేం ఆర్యులం, అగ్రకులం వాళ్లం, పెళ్లి సంబంధాల దగ్గర మా దేశపు మూలవాసుల్ని మేమూ మీరు నల్లవాళ్లని చూసినట్టే చూస్తాం, కాబట్టి మేం తెల్లవాళ్లమే అని. 1923లో సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. అంతకుముందు పౌరసత్వం వచ్చినవాళ్లకి కూడా చాలామందికి రద్దు చేశారు. వైష్ణోదాస్ బగాయ్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి అలా ఏ దేశానికీ చెందకుండా పోయి, 1928లో ప్రాణం తీసుకున్నాడు. ఆయన భార్య కళా బగాయ్ ముగ్గురు పిల్లల్ని పెంచింది. అంతకుముందు బర్క్‌లీలో ఇల్లు కొనుక్కుని సామాను తెచ్చుకుంటే, పొరుగువాళ్లు లోపలికి రానివ్వకుండా తాళం వేశారు. ఇప్పుడు అదే బర్క్‌లీలో ఒక వీధికి ఆవిడ పేరుంది.

వందేళ్ల కింద కూడా ఎవరో ఒకరి కంటే పై మెట్టు మీద ఉన్నామని చెప్పుకుని తప్పించుకోవాలని చూశాం. ఆ మెట్టు మనల్ని కాపాడలేదు.

సియాటిల్_వాన
2023 జనవరి 23న సియాటిల్‌లో జాహ్నవి కందుల, ఆదోని అమ్మాయి, 23 ఏళ్లు, జనం దాటే గీతల మీద రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్దింది. గంటకి 25 మైళ్లు దాటకూడని వీధిలో 74 మైళ్ల వేగం. తర్వాత ఇంకో పోలీసు ఫోన్లో నవ్వుతూ, ఆమె విలువ అంతంతమాత్రమే, పదకొండు వేల డాలర్లకి చెక్కు రాస్తే సరి అన్నది వాడి ఒంటి మీది కెమెరాలోనే రికార్డయింది. సెప్టెంబర్‌లో ఆ రికార్డింగ్ బయటికొచ్చినప్పుడు నేను విన్నది ఒక్కసారే. మళ్లీ వినలేదు, వినే_చెవి గారు చెప్పింది అందుకే నాకు సరిగ్గా తగిలింది.

ఆ చౌరస్తాలో కొవ్వొత్తులు పెట్టడానికి వెళ్లాను. మనవాళ్లు ఓ ముప్ఫైమంది ఉంటారనుకున్నా. నాకు ముక్కూమొహం తెలియని నల్లజాతి పెద్దావిడ నా పక్కన నిలబడి, ఆ అమ్మాయి పేరు ఎలా పలకాలో అడిగి, మూడుసార్లు సరిచేసుకుని నేర్చుకుంది. నవ్విన పోలీసు ఉద్యోగం 2024లో పోయింది. కారు నడిపినవాడి మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. న్యాయం జరిగిందని నేను చెప్పలేను. ఆవిడ పేరు నేర్చుకోవడం మాత్రం మర్చిపోలేను.

ఇంకోటి. 2023 ఫిబ్రవరిలో ఇదే ఊరి కౌన్సిల్ కులవివక్షని కూడా చట్టంలో నిషేధించింది, అమెరికా నగరాల్లో మొదటిది. మనవాళ్లే రెండు పక్షాలుగా మైకు ముందు నిలబడ్డారు. చీరాల_మనవడు, నేను అప్పుడు ఏ పక్షానా వెళ్లలేదు. వెళ్లాల్సింది.

ఇక్కడే_పుట్టా
నాకు 19. మల్లెపందిరి ఆంటీ, మీ పాప ఎంతుంటుందో తెలియదు. 2017లో నాకు పదేళ్లు. అప్పుడు మా అమ్మ దుకాణంలో నాతో తెలుగు మాట్లాడటం ఆపేసింది. ఎందుకో చెప్పలేదు. నేను ఇంకోలా అర్థం చేసుకున్నా. తెలుగు అంటే సిగ్గుపడాల్సినదేదో అనుకున్నా. స్కూలు గేటు దగ్గర అమ్మమ్మ నన్ను "బంగారం" అని పిలిస్తే వినపడనట్టు నడిచేదాన్ని. కాన్సస్ సంగతి హైస్కూల్లో నేనే చదివి తెలుసుకుని, ఇంటికొచ్చి అమ్మని అడిగాను. ఇద్దరం ఏడ్చాం. అమ్మ భయపడుతోందని ముందే చెప్పి ఉంటే బాగుండేది. అమ్మమ్మ అప్పటికే లేదు.

మల్లెపందిరి
మా పాపకి తొమ్మిది. నిన్న దుకాణంలో నా పక్కనే ఉంది.

వినే_చెవి
చెప్పండి పాపకి. పెద్ద కథ వద్దు. "అమ్మకి నిన్న భయమేసింది, తెలుగు వల్ల కాదు, కొంతమంది చెడ్డగా మాట్లాడటం వల్ల" అంటే చాలు. పిల్లలు ఖాళీలు వాళ్లే పూరించుకుంటారు, తప్పుగా.

రాజమండ్రి_రేవు
ఇక్కడే_పుట్టా రాసింది చదివాక ఒకటి చెప్పాలి. మావాడు ఏడో క్లాసులో బస్సు ఎక్కనన్నాడు. వారం రోజులు నేనే దింపాను. ఎందుకని అడగలేదు. ఇప్పుడు వాడికి 24. నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగా. "నీకు గుర్తుందా నాన్నా" అన్నాడు. గంటన్నర మాట్లాడాడు. నన్ను ఇరవై రెండేళ్లు ఎవరూ ఏమీ అనలేదని పైన రాశాను. వాడి మాటలు విన్నాక ఆ లెక్కలో నా కొడుకు లేడని తెలిసింది.

కాని మైకు ముందుకి వెళ్లి గొడవ పెట్టుకోవడం మంచిదని నేను ఇప్పటికీ అనుకోను.

పెత్రమాస
మైకు సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్న. మాకు ఓటు లేదు. గ్రీన్‌కార్డు లైన్ల ఒక్కో దేశానికి ఏడు శాతం, నా వంతు ఎప్పుడొస్తదో ఎవరూ చెప్పలేరు. మాట్లాడితే వీసాకు ఏమైతదో అని భయం. ఇట్లాంటోడు ఏం చేయాలె? నిజంగనే అడుగుతున్న.

రెండో_షిఫ్ట్
నీ భయం ఉత్తిది కాదు తమ్ముడూ. 2025లో మాట్లాడినందుకు విద్యార్థుల వీసాలు రద్దు చేశారు, అందరం చూశాం. అందుకే ఎక్కడిదీ కాని క్లబ్బు గుర్తుచేశా. అందరూ బస్సు ముందు నిలబడలేదు, కొందరు కేకులు చేశారు. సిటిజన్లయినవాళ్లు మైకు దగ్గర నిలబడాలి. వీసా మీద ఉన్నవాళ్లు పిల్లల్ని చూసుకోవచ్చు, కారు తిప్పొచ్చు, ఊరికే వెనక వరసలో కూర్చోవచ్చు. వెనక వరసలో చప్పట్లు ఎవరివో ఈ చర్చ మొదట్లోనే చూశాం కదా.

బామ్మగారి_మనవరాలు
మల్లెపందిరి గారూ, నేనూ డాలస్ వైపే. పోయిన ఏడాది సిటిజన్‌షిప్ వచ్చింది. మీ ఊరో పక్క ఊరో తెలియదు, మెసేజ్ పెట్టండి. వచ్చే మీటింగ్‌కి నేను పేరిస్తా. ఏం మాట్లాడాలో మీరు చెప్పండి, మీ కుర్చీ సంగతి చెప్పాలనిపిస్తోంది నాకు.

మల్లెపందిరి
మెసేజ్ పెట్టాను. కుర్చీ సంగతి వద్దు, ఆవిడ పాప మా పాపకి స్నేహితురాలు. గుడి సంగతి, మనం కట్టే పన్నుల సంగతి చెప్పండి. ఊళ్లో బడికి మనం చేసినవి నేను రాసిస్తా.

అసలు టెన్షన్ ఇప్పుడు అది కూడా కాదు. శనివారం ఆట ఉంది. ఆవిడ వస్తుంది. ఏం చేయాలి?

గోంగూర_కట్ట
అడిగెయ్. మొహం మీదే అడిగెయ్. "చప్పట్లు కొట్టావు కదా" అని.

కాన్సస్_పాతకాపు
అందరిముందూ వద్దు, పిల్లలుంటారు. నాకైతే ఏమీ అడక్కుండా అక్కడే కూర్చోవాలనిపిస్తుంది. ఆవిడ కోసం మనం లేచి వెళ్లిపోకూడదు.

చీరాల_మనవడు
అక్కా, క్షమించాల్సిన పని నీది కాదు. నేర్పించాల్సిన పనీ నీది కాదు. ఆట చూడు.

తార్నాక_అమ్మ
అమ్మకి ఫోన్ చెయ్యి తల్లీ. మనవరాలి ఆట చూపించు. ఇక్కడ రాత్రి అయినా సరే, మేం మేలుకునే ఉంటాం.

మల్లెపందిరి
శనివారం రాత్రి రాస్తున్నా. పొద్దున పాపకి చెప్పాను, వినే_చెవి గారు చెప్పినట్టే, రెండు వాక్యాలు. "నాకు తెలుసు" అంది. ఎలా అని అడిగితే "నువ్వు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు" అంది.

ఆవిడ వచ్చింది. హాయ్ అంది. నేనూ హాయ్ అన్నా. ఈసారి కుర్చీ ఇవ్వలేదు, అడగలేదు కూడా. ఇంకేం మాట్లాడలేకపోయా. అమ్మకి వీడియో కాల్ చేసి, ఫోన్ మైదానం వైపు తిప్పి, మామూలు గొంతుతోనే మాట్లాడాను. మొదటి ఐదు నిమిషాలు చేతులు వణికి బొమ్మ కదిలిపోయింది. ఆవిడ నాలుగడుగుల దూరంలోనే ఉంది, వినపడే ఉంటుంది.

రాత్రి మళ్లీ తలుపు చూస్తానేమో తెలియదు.

తార్నాక_అమ్మ
అమ్మ ఏమంది?

మల్లెపందిరి
పాప మేజోళ్లు జారిపోతున్నాయి, చూసుకోవా అంది.